అది వైరసేనా? మిర్చి సీజన్‌లో నా బిల్లింగ్ ప్రోగ్రాం పడ్డ తిప్పలు

హన్మకొండలో ఉంటూ చుట్టుపక్కల వ్యవసాయ మార్కెట్లలోని అడ్తి దుకాణాలకు (రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టేవి) బిల్లింగ్ ప్రోగ్రాం రాసి ఇవ్వడం నా పనుల్లో ఒకటి. పెద్ద సాఫ్ట్‌వేరేమీ కాదు. రైతు పేరు, ఊరు, మిర్చి రకం, బస్తాలు, కాంటా తూకం, పలికిన ధర కొడితే ఖర్చులన్నీ లెక్కగట్టి తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, ప్రింట్ తీస్తుంది. రాత్రికి ఆ రోజు చిట్టా, ఎవరికెంత బాకీ అన్నది చూపిస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి, పైఇన్‌స్టాలర్ అనే పనిముట్టుతో నేరుగా నడిచే ఒకే ఈఎక్స్‌ఈ ఫైల్‌గా మార్చి, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి వాళ్ల కంప్యూటర్‌లో వేస్తాను. దుకాణంలో పైథాన్ ఉండాల్సిన పని లేదు. డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది, అంతే.

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. తేజ, వండర్ హాట్, 341 అంటూ రకాల వారీగా బస్తాలు యార్డు నిండా పరుచుకుంటాయి. ఎంత అలవాటున్నా ఘాటుకు తుమ్మకుండా లోపల నడవలేం. సరిగ్గా అలాంటి రద్దీలో ఒక పొద్దున, అక్కడి ఒక దుకాణం గుమస్తా ఫోన్ చేశాడు.

“అన్నా, నీ సాఫ్ట్‌వేర్ల వైరస్ ఉన్నదట. కంప్యూటర్ ఎర్రగ చూపెడుతున్నది. నొక్కితే తెరుస్తలేదు. బయట రైతులు కూసున్నరు.”

“నువ్వేమన్న నొక్కినవా?”

“ఏం నొక్కలే. కింద మూలకు ఒక డబ్బా వచ్చింది, గంతే. ఇక్కడ కంప్యూటర్లు బాగుచేసే పిలగాడు యాంటీవైరస్ తీసేస్తే అయిపోతది అంటున్నడు. తీసేయమంటవా?”

వద్దన్నాను. ఆ డబ్బాను ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమని, నేను వచ్చేదాకా ఇంకేదీ ముట్టుకోవద్దని చెప్పాను. ‘తీసేస్తే అయిపోతది’ అన్న సలహా మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, ప్రింటర్ పనిచేయకపోయినా ముందు యాంటీవైరస్ మీదే పడతారు.

ఫోటో వచ్చింది. అందులో నేను చూడాల్సింది ఒకటే, దొరికిన వైరస్‌కు పెట్టిన పేరు. యాంటీవైరస్ ఒక ఫైల్‌ను పట్టుకుంటే దానికో పేరు చెబుతుంది. ఆ పేరులో ఏదైనా తెలిసిన కుటుంబం పేరు, అంటే రామ్‌నిట్ లాంటిదో సాలిటీ లాంటిదో ఉంటే, ఫలానా వైరస్ ఆనవాళ్లు ఆ ఫైల్‌లో కనబడ్డాయని అర్థం. అలా కాకుండా జెనరిక్, హ్యూరిస్టిక్, సస్పీషియస్, చివర ఎంఎల్ లాంటి ముక్కలుంటే, ఇది ఫలానా వైరస్ అని పట్టుకోలేదు, తీరు చూసి అనుమానించింది అని లెక్క. ఎంఎల్ అంటే మెషీన్ లెర్నింగ్. మా ఫైల్‌కు వచ్చింది ఈ రెండో రకం పేరు. దాంతో కొంచెం ఊపిరి తీసుకున్నాను కానీ, పేరు చూసి మాత్రమే ‘ఏం కాదు, వాడుకోండి’ అని చెప్పే ధైర్యం నాకు లేదు. కొత్త వైరస్‌లు మొదట పట్టుబడేది కూడా ఇలాంటి పేర్లతోనే.

నేను వెళ్లేసరికి గుమస్తా పాత కార్బన్ పుస్తకం దుమ్ము దులిపి తక్‌పట్టీలు చేత్తో రాస్తున్నాడు. కాలిక్యులేటర్ ఒక చేత, పెన్ను ఒక చేత. సేటు గల్లా పెట్టె దగ్గర నుంచే అడిగాడు.

“తమ్మీ, వైరస్ నీ దగ్గర్నుంచి వచ్చిందా, మా దగ్గర్నే పుట్టిందా?”

సరైన ప్రశ్న. నాకు తెలియాల్సింది కూడా అదే. నేను ఇచ్చిన ఫైల్ మంచిదే కావచ్చు. కానీ ఆ కంప్యూటర్‌లో ఇప్పుడున్నది నేను ఇచ్చిన ఫైలేనా? ఈఎక్స్‌ఈ ఫైళ్లలోకి దూరి వాటిని మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. పైకి పేరు అదే, బొమ్మ అదే, తెరిస్తే బిల్లింగ్ కూడా తెరుచుకోవచ్చు. లోపల ఇంకొకటి కూర్చుని ఉంటుంది.

ముందు డేటా సంగతి చూశాను. లెక్కలన్నీ ఉండే డేటాబేస్ ఫైల్ విడిగా ఉంటుంది, యాంటీవైరస్ దాని జోలికి పోలేదు. దాన్ని ఒక కాపీ తీసి పెట్టుకున్నాక మిగతా పని. ప్రోగ్రాం ఫైల్ కూడా నిజానికి ఎక్కడికీ పోలేదు. యాంటీవైరస్‌లు సాధారణంగా అనుమానం వచ్చిన ఫైల్‌ను నడవడానికి వీల్లేకుండా మార్చి తమ సొంత చోట దాచిపెడతాయి. దాన్నే క్వారంటైన్ అంటారు. అక్కడ రిస్టోర్ బటన్ ఉంటుంది, అది నొక్కడం క్షణంలో పని. కానీ పాత చోటికే రిస్టోర్ చేస్తే, పక్కనే తొందరలో ఉన్న గుమస్తా డబుల్ క్లిక్ చేయకుండా ఆగడు. అందుకని కంప్యూటర్‌కు నెట్ పీకేసి, ఒక ఖాళీ ఫోల్డర్ తయారుచేసి, ఆ ఒక్క ఫోల్డర్‌ను స్కాన్ నుంచి తప్పించి, ఫైల్‌ను అందులోకి తీయించాను. తెరవలేదు. హాష్, అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటి గుర్తు, మాత్రం తీశాను.

హాష్ తీయడానికి వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. విండోస్‌లోనే సర్ట్‌యుటిల్ అనే ఆదేశం ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో దానికి హాష్‌ఫైల్ అని, ఫైల్ పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256 అని ఇస్తే 64 అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక వరస ఇస్తుంది. ఫైల్‌లో ఒక్క బిట్టు మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. సేటుకు ఆయన భాషలోనే చెప్పాను. కుట్టు వేసి పంపిన బస్తాను దారిలో ఎవరైనా విప్పి మళ్లీ కుట్టారా అన్నది దీంతో తెలుస్తుంది, లోపల ఉన్నది తేజనా, రంగుపోయిన తాలు కాయా అన్నది మాత్రం దీంతో తెలియదు అని. ఆయన తల ఊపాడు. మిర్చి వ్యాపారికి ఈ తేడా చెప్పడం ఇంత తేలికని నేననుకోలేదు.

నేను ఏ దుకాణానికి ఏ వెర్షన్ ఇచ్చినా దాని హాష్‌ను తేదీతో సహా నోట్ చేసి ఉంచుకుంటాను. ఫోన్‌లో తెరిచి మొదటి నుంచి చివరి దాకా పోల్చి చూశాను. కలిసింది. అంటే దారిలో ఎవరూ విప్పలేదు. ఇప్పుడు తేల్చాల్సింది, నేను ఇచ్చిందే మంచిదా అన్నది.

ఇక్కడ చాలామంది ‘నేనే రాశాను కదా, అందులో వైరస్ ఎందుకుంటుంది’ అంటారు. రాసినవాడి కంప్యూటర్‌కే వైరస్ ఉంటే తయారయ్యే ఈఎక్స్‌ఈలోకీ వస్తుంది. వాడిన లైబ్రరీల్లో, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్‌లో, ఏదైనా నకిలీది ఉన్నా వస్తుంది. అందుకని ఇంటికొచ్చి ముందు నా కంప్యూటర్‌నే, విండోస్ ఆన్ కాకముందే నడిచే ఆఫ్‌లైన్ స్కాన్‌తో పూర్తిగా స్కాన్ చేశాను. ఏమీ దొరకలేదు. తర్వాత వైరస్‌టోటల్.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. వైరస్‌టోటల్ 2004లో స్పెయిన్‌లో మొదలైంది, 2012లో గూగుల్ కొనుక్కుంది. ఒక ఫైల్ ఇస్తే దాదాపు డెబ్బై యాంటీవైరస్ ఇంజిన్లు దాని గురించి ఏమంటున్నాయో ఒకేచోట చూపిస్తుంది. ఫైల్ ఇవ్వకుండా హాష్ మాత్రమే ఇచ్చి కూడా వెతకొచ్చు. ఎవరైనా ఇంతకుముందే ఆ ఫైల్ ఇచ్చి ఉంటే ఫలితం వచ్చేస్తుంది. నాలాగ పది దుకాణాలకు రాసేవాడి ఫైల్ అక్కడెందుకుంటుంది, దొరకలేదు. అప్పుడు అప్‌లోడ్ చేశాను. చేసే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ ఇచ్చిన ఫైల్ మనదిగా ఉండిపోదు, భద్రతా కంపెనీలకూ పరిశోధకులకూ అందుబాటులోకి వెళ్తుంది. నా ఈఎక్స్‌ఈలో దుకాణం లెక్కలు గానీ పాస్‌వర్డ్‌లు గానీ ఏవీ లేవు కాబట్టి ఇచ్చాను. రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లున్న ఎక్సెల్ షీట్‌ను మాత్రం ‘వైరస్ ఉందేమో చూద్దాం’ అని అందులో పడేయకండి. పడేసినవాళ్లను చూశాను.

ఫలితంలో నాలుగైదు ఇంజిన్లు ఎర్రగా, మిగతావన్నీ పచ్చగా. ఎర్రగా ఉన్నవాటి పేర్లన్నీ జెనరిక్ బాపతే, ఒకటి చెప్పిన పేరు ఇంకొకటి చెప్పలేదు. ఇది కూడా ఓట్ల లెక్క కాదు. ఒక కంపెనీ ఇంజిన్‌ను ఇంకో కంపెనీ అద్దెకు తీసుకుని వాడటం ఈ రంగంలో మామూలు, బిట్‌డిఫెండర్ ఇంజిన్ అలా చాలా ఉత్పత్తుల్లో ఉంది. కాబట్టి నాలుగు ఎర్ర గుర్తులు ఒక్కరి మాటే కావచ్చు. పచ్చగా ఉన్న అరవైలో కూడా ఆ ఫైల్‌ను నిజంగా లోతుగా చూసినవి ఎన్నో చెప్పలేం.

నాకు అసలు నమ్మకం వచ్చింది ఇంకో ప్రయోగంతో. ‘నమస్తే’ అని తెర మీద చూపించి ఆగిపోయే రెండు లైన్ల ప్రోగ్రాం రాశాను. అందులో బిల్లింగ్ లేదు, ప్రింటర్ లేదు, నెట్ లేదు. దాన్ని కూడా అదే పైఇన్‌స్టాలర్‌తో, అవే సెట్టింగులతో ఒకే ఈఎక్స్‌ఈగా చేశాను. దుకాణంలో ఉన్న యాంటీవైరస్సే నా దగ్గర ఇంకో కంప్యూటర్‌లో వేసి స్కాన్ చేస్తే, పాపం ఆ నమస్తేను కూడా పట్టుకుంది. అదే పేరుతో.

అంటే దాని గొడవ నా బిల్లింగ్‌తో కాదు, కట్టిన మూటతో. పైఇన్‌స్టాలర్‌లో ఒకే ఫైల్ పద్ధతి ఎలా పనిచేస్తుందంటే, డబుల్ క్లిక్ చేయగానే అది తన లోపల ఉన్న పైథాన్, లైబ్రరీలు అన్నింటినీ విండోస్ టెంప్ ఫోల్డర్‌లో ఎంఈఐ అన్న పేరుతో మొదలయ్యే ఫోల్డర్‌లోకి విప్పి, అక్కడి నుంచి నడిపిస్తుంది. ఈ విప్పే ముక్కను బూట్‌లోడర్ అంటారు, అది పైఇన్‌స్టాలర్ వాడేవాళ్లందరికీ ఒకటే. వైరస్‌లు రాసేవాళ్లు కూడా పైథాన్‌లో రాసి దీంతోనే మూట కడుతున్నారు. వాళ్ల ఫైళ్లను చూసి చూసి నేర్చుకున్న మెషీన్ లెర్నింగ్‌కు, మొదట కనబడే ఆ బూట్‌లోడరే దొంగ గుర్తుగా అలవాటైపోతుంది. దీని మీద నేను సైజు తగ్గుతుందని యూపీఎక్స్ అనే పనిముట్టుతో కుదించాను. ఆ కుదింపు కూడా అంతే, లోపల ఏముందో బయటికి కనబడదు కాబట్టి వైరస్‌లకూ ఇష్టమైన పద్ధతి. పైగా ఫైల్ మీద, ఇది ఫలానావాళ్లు చేసిందని చెప్పే డిజిటల్ సంతకం లేదు, ప్రపంచం మొత్తం మీద పట్టుమని పది కంప్యూటర్లలో తప్ప కనబడదు. క్లౌడ్‌లో లెక్కలు చూసుకునే యాంటీవైరస్‌కు ఎవరికీ తెలియని ఫైల్ అంటేనే అనుమానం. ఇక నా ప్రోగ్రాం రాత్రి పూట పెన్‌డ్రైవ్ పెట్టగానే తనంతట తానే బ్యాకప్ కాపీ చేస్తుంది. గుమస్తాలకు అది ఎంతో ఇష్టం, వైరస్‌లు పాకే తీరూ అదే కాబట్టి యాంటీవైరస్‌కు మాత్రం అదేం నచ్చుతుంది?

యూపీఎక్స్ తీసేసి మళ్లీ తయారుచేస్తే వైరస్‌టోటల్‌లో ఎర్రవి తగ్గాయి. ఒకే ఫైల్ బదులు ఫోల్డర్ పద్ధతిలో, అంటే నడిచేటప్పుడు టెంప్‌లోకి విప్పే అవసరం లేకుండా చేస్తే ఒక్కటే మిగిలింది. లోపలి కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. ఆ మిగిలిన ఒక్కటి దుకాణంలో ఉన్నదే, మన అదృష్టం అలాంటిది.

సేటు మాత్రం ఒక పట్టాన ఒప్పుకోలేదు. “పైసలు కట్టి కొన్నది తమ్మీ. గంత పెద్ద కంపెనీ తప్పు చెప్తదా?” అన్నాడు. చెబుతుంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ పంపిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీలో ఉండే ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైల్‌నే వైరస్ అనుకుని పట్టుకుంది. ఆ ఫైల్ లేకుండా విండోస్ సరిగా నడవదు. ఎన్నో దేశాల్లో ఆఫీసుల కంప్యూటర్లు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ, నెట్‌వర్క్ పోయి కూర్చున్నాయి. 2012 సెప్టెంబర్‌లో సోఫోస్ యాంటీవైరస్ ఇంకా ముందుకెళ్లి తన సొంత అప్‌డేట్ ప్రోగ్రాంనే వైరస్ అంది. ఈ రెండోది విన్నాక సేటు నవ్వి, “అయితె దాని మాట అది విననట్టే” అని, చాయ్ చెప్పాడు.

తర్వాత పని, కంపెనీకి చెప్పడం. దాదాపు ప్రతి యాంటీవైరస్ కంపెనీకీ తప్పుగా పట్టుకున్న ఫైళ్లను పంపే చోటు ఉంటుంది, ఫాల్స్ పాజిటివ్ అని వెతికితే దొరుకుతుంది. ఎక్కువ వాటికి డబ్బు కట్టిన కస్టమరే కానక్కర్లేదు, ప్రోగ్రాం రాసినవాళ్లు కూడా పంపొచ్చు. నేను రాసింది క్లుప్తంగా. ప్రోగ్రాం ఏం చేస్తుంది, ఎవరు వాడతారు, ఏ పేరుతో పట్టుకున్నారు, మీ వైరస్ డెఫినిషన్ల వెర్షన్ ఎంత, ఫైల్ హాష్ ఏమిటి, దేంతో తయారుచేశాను. నమస్తే ప్రోగ్రాంను కూడా జతచేసి, దీన్నీ పట్టుకుంటున్నారు చూడండి అన్నాను. ఫైల్‌ను మామూలుగా మెయిల్‌కు జతచేస్తే మధ్యలోనే ఆపేస్తారు కాబట్టి జిప్ చేసి పాస్‌వర్డ్ పెట్టాలి. ఈ రంగంలో ఆ పాస్‌వర్డ్ ఇన్‌ఫెక్టెడ్ అని పెట్టడం ఆనవాయితీ. మంచి ఫైల్ అని వాదిస్తూ పంపే జిప్‌కు ఆ పాస్‌వర్డ్ పెట్టడం కొంచెం నవ్వొచ్చే సంగతే.

జవాబుగా వెంటనే మెషీన్ పంపిన మెయిల్ ఒకటి, టికెట్ నంబర్‌తో. ఆ తర్వాత మౌనం. మిర్చి ఆగదు, రైతులు ఆగరు. అప్పటిదాకా దుకాణం నడవాలి కదా, దానికి తాత్కాలికంగా ఆ ఫైల్‌కు మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. ఎంత మినహాయిస్తున్నామో చూసుకోవాల్సింది ఇక్కడే. డ్రైవ్ మొత్తం, ఫోల్డర్ మొత్తం మినహాయిస్తే రేపు అందులోకి నిజమైన వైరస్ వచ్చినా అడిగే దిక్కుండదు. ఫైల్ పేరూ దారీ చెప్పి మినహాయించినా, అదే పేరుతో ఉన్న ఫైల్‌లోకి వైరస్ దూరితే కనబడదు. హాష్‌తో మినహాయించే వీలున్న చోట అదే మేలు, ఫైల్ కొంచెం మారినా మినహాయింపు దానంతట అదే చెల్లకుండా పోతుంది. ఆ దుకాణంలోని యాంటీవైరస్‌లో ఆ వీలు ఉంది.

సేటుకు మాత్రం లోపల అనుమానం పోలేదు. ఏదో ఆపేసి పోతున్నానని. అందుకని ఆయన ముందే ఐకార్ పరీక్ష చేసి చూపించాను. యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూడటానికి అందరూ ఒప్పుకున్న పరీక్ష ఫైల్ అది, ఏ హానీ చేయని 68 అక్షరాల వరస. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి సేవ్ నొక్కానో లేదో, మూలన ఎర్ర డబ్బా వచ్చి ఫైల్ మాయమైంది. బిల్లింగ్ మాత్రం మామూలుగా తెరుచుకుంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కిర్రుమంటూ మొదటి తక్‌పట్టీ కొట్టింది. చేత్తో రాసినవన్నీ మళ్లీ ఎక్కించడానికి గుమస్తా ఆ రాత్రి ఆలస్యంగా ఇంటికెళ్లాడు.

ఆ వారంలోనే కంపెనీ నుంచి మనిషి రాసినట్టున్న మెయిల్ వచ్చింది. ఫైల్ శుభ్రంగా ఉంది, వచ్చే అప్‌డేట్‌లో సరిచేస్తున్నాం అని. అప్‌డేట్ వచ్చాక మినహాయింపు తీసేసి స్కాన్ చేస్తే ఏమీ అనలేదు. తీసేయడం ముఖ్యం. చాలా చోట్ల తాత్కాలిక మినహాయింపులు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి.

ఇక్కడితో అయిపోయేదే. కానీ మార్కెట్‌లో మాట ఊరికే ఉండదు. ‘ఫలానా సాఫ్ట్‌వేర్‌కు వైరస్ అని వస్తది, ఏం కాదు, అలౌ కొట్టాలె’ అన్నంత వరకే నలుగురి నోళ్లలో పడి కేసముద్రం దాకా పోయింది. అక్కడ ఇంకో దుకాణంలో కూడా నా ప్రోగ్రామే. వాళ్లు కొత్త కంప్యూటర్ కొన్నారు. పాతదాంట్లో ఉన్న ప్రోగ్రాంను నన్ను అడగకుండానే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని కొత్తదాంట్లో పెట్టారు. పెట్టగానే, విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ విండోస్ డిఫెండర్ పట్టుకుంది. గుమస్తా ఫోన్ చేశాడు.

“మాకు గూడ అదే వచ్చింది సార్. అలౌ కొట్టాలె గదా?”

“ఆగు. పేరేముందో చదువు.”

చదివాడు. రామ్‌నిట్.

నాకు చెమట పట్టింది. ఇది అనుమానంతో పెట్టిన పేరు కాదు. పాత కంప్యూటర్‌లో ఉన్న ఫైల్ సైజు ఎంతో చూసి చెప్పమంటే నేను ఇచ్చినదానికంటే ఎక్కువ చెప్పాడు. వీడియో కాల్‌లో ఒక్కో ఆదేశం చెప్పి హాష్ తీయించాను. నా దగ్గర రాసుకున్న ఏ వెర్షన్‌తోనూ కలవలేదు. కొత్త కంప్యూటర్‌లో ఏదీ అలౌ చేయొద్దని, పాతదాన్ని ఆఫ్ చేసి కేబుల్ పీకమని, ఆ పెన్‌డ్రైవ్‌ను ఇంక దేనికీ పెట్టొద్దని చెప్పి వరంగల్ స్టేషన్‌లో రైలెక్కాను.

రామ్‌నిట్ 2010 నుంచీ తిరుగుతున్న వైరస్. ఈఎక్స్‌ఈ, డీఎల్‌ఎల్ ఫైళ్లలోనే కాదు, హెచ్‌టీఎంఎల్ ఫైళ్లలో కూడా దూరుతుంది, పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకుతుంది. 2015 ఫిబ్రవరిలో యూరోపోల్ దాన్ని నడిపిస్తున్న సర్వర్లను పట్టుకుని ఆపింది కానీ, పాత పెన్‌డ్రైవ్‌లలో, పాత కంప్యూటర్లలో మిగిలినవి అలా పాకుతూనే ఉంటాయి. కేసముద్రంలో ఆ పాత కంప్యూటర్‌ను విండోస్‌తో ఆన్ చేయకుండా లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి చూశాను. నా ప్రోగ్రాం పక్కనే, దాని పేరుకు చివర ఎస్‌ఆర్‌వీ అని తగిలించుకున్న ఇంకో చిన్న ఈఎక్స్‌ఈ కూర్చుని ఉంది. నేను అలాంటిది ఇవ్వలేదు. ప్రోగ్రాంతో పాటు ఇచ్చిన వాడుక సూచనల హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ను తెరిచి కిందికి పోతే, నేను తెలుగులో రాసిన చివరి లైను తర్వాత ఒక స్క్రిప్ట్, అందులో అంతూ పొంతూ లేని అంకెల వరస. మొదటి నాలుగూ 4, డి, 5, ఎ. ఈఎక్స్‌ఈ ఫైళ్లు ఏవైనా మొదలయ్యేది ఆ గుర్తుతోనే. సూచనల కాగితం కడుపులో ఒక పూర్తి ప్రోగ్రాంను దాచి పెట్టింది. చూస్తుంటే కోపం, కొంచెం మెచ్చుకోలు కూడా.

అది ఎలా వచ్చిందో ఆరా తీస్తే, పెళ్లిపత్రికల డిజైన్ కోసమని క్రాక్ చేసిన ఒక డీటీపీ సాఫ్ట్‌వేర్ ఎవరో వేశారట. వేసేటప్పుడు యాంటీవైరస్ అడ్డం వస్తోందని డీ డ్రైవ్ మొత్తాన్ని మినహాయింపులో పెట్టి పోయారు. నా ప్రోగ్రాం ఉన్నది ఆ డ్రైవ్‌లోనే. క్రాక్‌లోనే వచ్చిందో, తర్వాత ఏ పెన్‌డ్రైవ్‌లోనో వచ్చిందో తేల్చలేం. ఎలా వచ్చినా చూసేవాడు లేడు. రామ్‌నిట్ సోకిన ఫైల్‌ను వైరస్‌టోటల్‌లో హాష్‌తో వెతికితే దొరకలేదు, ఒక్కో ఫైల్‌లో దూరినప్పుడు ఒక్కో కొత్త హాష్ కదా. అప్‌లోడ్ చేస్తే మాత్రం పేజీ అంతా ఎరుపే, చాలా ఇంజిన్లు అదే కుటుంబం పేరు చెప్పాయి. ఏనుమాములలో చూసిన పేజీకీ దీనికీ పోలికే లేదు.

బాగుచేసే ప్రయత్నం చేయలేదు. వైరస్ దూరిన ఈఎక్స్‌ఈలను శుభ్రం చేస్తామనే పనిముట్లున్నాయి కానీ వందల ఫైళ్లలో ఏది సరిగా బాగుపడిందో ఎవరు చూస్తారు? డేటాబేస్ ఫైల్‌ను లైనక్స్ నుంచే బయటికి తీసుకుని, డిస్క్ మొత్తం ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేశాను. రామ్‌నిట్ డేటాబేస్ ఫైళ్ల జోలికి పోదు, లెక్కలన్నీ సరిగానే ఉన్నాయి. ఆ క్రాక్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌ను తీసేస్తుంటే గుమస్తా, “గది ఒక్కటి ఉంచరాదు సార్, పెండ్లిళ్ల సీజన్ వస్తున్నది” అన్నాడు. ఉంచలేదు. కొత్త కంప్యూటర్‌ను డిఫెండర్ కాపాడింది, పూర్తి స్కాన్‌లో ఏమీ రాలేదు. నా దగ్గరి అసలు కాపీ వేసి, హాష్ చూసుకుని, రాత్రి బండికి తిరిగొచ్చాను.

ఇప్పుడు ప్రోగ్రాంను ఫోల్డర్ పద్ధతిలోనే ఇస్తున్నాను, యూపీఎక్స్ లేకుండా. బిల్లు కాగితం వెనక వెర్షన్, ఈఎక్స్‌ఈ హాష్ ప్రింట్ చేసి ఇస్తున్నాను. కొత్త వెర్షన్ తయారైతే దుకాణాలకు ఇవ్వడానికి ముందే వైరస్‌టోటల్‌లో చూసి, పట్టుకున్న కంపెనీలకు పంపుతున్నాను. సీజన్‌కు ముందు పంపాలి, సీజన్‌లో కాదు. డిజిటల్ సంతకం కోసం కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ తీసుకుందామని ఆలోచించాను. 2023 జూన్ నుంచి సంతకం పెట్టే దాని రహస్య తాళంచెవిని హార్డ్‌వేర్ టోకెన్‌లోనో అలాంటి భద్రమైన పరికరంలోనో పెట్టాలన్న నిబంధన వచ్చింది, ఏటా కట్టే ఖర్చూ తక్కువేం కాదు. నేను దుకాణాల దగ్గర తీసుకునేదానితో అది గిట్టదు. ఇంకొన్ని మార్కెట్లు కలిస్తే చూడాలి.

ఈ మధ్య పత్తి కోసం చేసిన వెర్షన్‌ను వేరే ఒక కంపెనీ ఇంజిన్ పట్టుకుంది. ఫైల్ పంపాను. టికెట్ నంబర్ వచ్చింది, మనిషి రాసిన జవాబు ఇంకా రాలేదు.